పల్లెకు చేరిన రూపాయి

రాయలసీమ గ్రామముల పాత లెక్కలలో 'దశబంధపు మాన్యము' అను మాట కానవచ్చును. చెరువు త్రవ్వించినవారికిని, దానిని బాగుచేయించు భారము వహించినవారికిని, ఆ చెరువు క్రింది భూమిలో కొంత భాగమును పన్ను లేకుండగనో, తక్కువ పన్నుతోనో అనుభవించు హక్కు నిచ్చుట ఆనాటి ఆచారము. కట్ట తెగిన పూడ్చవలసిన దెవరు? అందులకు సొమ్ము ఎక్కడిది? ఈ రెండు ప్రశ్నలకును అందులో ఒక్కచోటనే సమాధాన ముండెను. ఆ ఏర్పాటులో లోపములు లేకపోలేదు. మాన్య మనుభవించుచు మరమ్మతు మరచినవారును కలరు. అయినను పనియు, పైకమును ఊరిలోనే ఉండెడివి. ఆ రెండును ఎట్లు విడిపోయెనో, వానిని మరల కలుపుటకు జరిగిన యత్నము లెట్టివో నేడు మనము విచారింతము.

ఆంగ్లపాలనలో శిస్తు ఖజానాకు పోయెను. చెరువు మరమ్మతు సర్కారు కచేరీల దయపై నిలిచెను. 1871లో మద్రాసు ప్రభుత్వము స్థానిక నిధుల చట్టము చేసి, రోడ్లు, బడులు, ఆసుపత్రుల నిమిత్తము భూమిపై సెస్సు విధించెను. 1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనా తీర్మానమును వెలువరించెను. దాని ననుసరించి 1884లో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడినవి. అయినను తొలిదినములలో జిల్లా బోర్డునకు అధ్యక్షుడు కలెక్టరే. సెస్సు చెల్లించినది పల్లె. ఖర్చు నిర్ణయించినది పట్టణము.

1946లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా నున్నప్పుడు ఫిర్కా అభివృద్ధి పథకము ఆరంభమయ్యెను. కొన్ని ఫిర్కాల నెన్నుకొని, త్రాగునీరు, పారిశుద్ధ్యము, వ్యవసాయము, ఖాదీ మున్నగు పనుల నన్నిటిని ఒక్కచోట సాగించుట దాని ఉద్దేశము. పల్లె తన కాళ్లపై తాను నిలువవలెనన్నది పంతులుగారి పట్టుదల.

స్వాతంత్ర్యానంతరము ఈ భావమే దేశవ్యాప్తమయ్యెను. 1952 అక్టోబరు 2, గాంధీ జయంతి నాడు, 55 సమాజాభివృద్ధి ప్రాజెక్టులు ప్రారంభమైనవి. ఒక్కొక్క ప్రాజెక్టు క్రింద సుమారు 300 గ్రామములు, రెండు లక్షల జనము. మరుసటి యేట జాతీయ విస్తరణ సేవ వచ్చెను. కొన్ని గ్రామములకు ఒకరు చొప్పున గ్రామసేవకులు నియమితులైరి. ఎరువులు, మేలురకపు విత్తనములు, జపాను పద్ధతి వరిసాగు, బడిపాక, మంచినీటి బావి, ఊరిబాట — అన్నియు వారి బాధ్యతలే. ప్రభుత్వము కొంత సొమ్మిచ్చును. మిగిలినది గ్రామస్థులు రొక్కముగనో, శ్రమదానముగనో సమకూర్పవలెను.

మొదట ఉత్సాహమునకు లోటు లేకుండెను. కాని పనుల పట్టిక పైనుండి దిగివచ్చినది. బావి కోరిన ఊరికి పద్దులో బాట ఉన్నచో బాటయే దక్కును. మార్చి నెలాఖరులోగా ఖర్చు కాని సొమ్ము మురిగిపోవును గనుక తొందరపాటు తప్పదు. తాను కోరని పనికి చెమటోడ్చిన రైతు, ఆ పని పాడైనప్పుడు 'అది సర్కారువారిది' అనుటలో ఆశ్చర్య మేమున్నది?

1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము ఈ లోపమునే ఎత్తి చూపెను. ప్రజలచే ఎన్నుకొనబడిన సంస్థలకు అధికారమును, నిధులను అప్పగింపనిదే ప్రజలలో చొరవ పుట్టదని దాని నిర్ణయము. ఆంధ్రప్రదేశము ఆ మాటను త్వరగా అందుకొనెను. 1958లో జిల్లా కొకటి చొప్పున పంచాయతీ సమితులను ప్రయోగాత్మకముగా నెలకొల్పిరి. 1959 అక్టోబరులో రాజస్థానము, నవంబరు 1న ఆంధ్రప్రదేశము పంచాయతీరాజ్యమును ప్రవేశపెట్టినవి. గ్రామ పంచాయతీ, సమితి, జిల్లా పరిషత్తు — ఈ మూడంచెలు వెలసెను. బ్లాకు అభివృద్ధి అధికారి సమితికి జవాబు చెప్పవలసివచ్చెను. బడిపంతులుగారి బదిలీ మొదలుకొని బావి అంచనా వరకు సమితి కార్యాలయమునకు చేరెను. కక్షలును వెంట చేరెను.

ఆ తరువాత వెనుకడుగులు పడినవి. ఎన్నికలు వాయిదా పడుచుండెను. 1970 దశకము నుండి చిన్నరైతులకు, పేదలకు ఏర్పరచిన పథకముల సొమ్ము వేరు సంస్థల ద్వారా నడచెను. 1986లో సమితులు పోయి మండలములు వచ్చెను. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చి, ఐదేండ్ల కొకసారి ఎన్నికలను, రాష్ట్ర ఆర్థిక సంఘములను విధించెను.

2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము దేశమున ప్రారంభమైనది అనంతపురము జిల్లా బండ్లపల్లిలోనే. దశబంధపు మాన్యము లెరిగిన సీమ అది. ఏ పని చేయవలెనో గ్రామసభ సూచింపవలెనని ఆ చట్టము చెప్పెను. పదునైదవ ఆర్థిక సంఘము 2021 నుండి 2026 వరకు ఐదేండ్లకు గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసెను. అందులో నూటికి 60 వంతులు త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు ముడిపెట్టినవి.

కావున సొమ్ము రాలేదనుటకు వీలులేదు. అది యెవరి మాటపై కదలుచున్నది అన్నదే ప్రశ్న. గ్రామసభ నాడు ఇంట కూర్చుండి, పని చెడిన పిదప నిందించుట మనకు అలవాటైనది. పద్దు చదివి వినిపింపుమని సభలో లేచి అడుగు మనిషి ఒక్కడున్నను, ఆ యేడు కట్టకు పడవలసిన మట్టి కట్టకే పడును.