అలియాబాద్: చెరువు ఆయకట్టు నుంచి పురపాలక సంఘం వరకు

హైదరాబాద్ ఉత్తర శివారులో, రాజీవ్ రహదారి వెంట ఉన్న అలియాబాద్ పాతబస్తీలో అదే పేరుతో ఉన్న పేట కంటే భిన్నమైనది. పేరులోని ‘ఆబాద్’ జనావాసాన్ని సూచించే పారశీ పదం. పొరుగున ఉన్న శామీర్‌పేట పేరులోని ‘పేట’ వర్తకస్థలాన్ని సూచిస్తుంది. ఈ రెండు ఊళ్ల చరిత్రను కలిపి చదవడానికి ఆధారం నిజాం పాలనాకాలపు శామీర్‌పేట పెద్దచెరువు.

తెలంగాణ గ్రామవ్యవస్థలో చెరువంటే నీరు మాత్రమే కాదు. కట్ట, తూము, అలుగు, శిఖం, ఆయకట్టు, వీటిని కనిపెట్టుకొని ఉండే నీరటి కలిసిన ఏర్పాటు. తూము ఎప్పుడు తెరవాలన్నదే పంటను నిర్ణయించేది.

1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో ఈ ప్రాంతం భాగమైంది. 1998లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 1999లో జీనోమ్ వ్యాలీ వచ్చాయి. తుర్కపల్లిలోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్‌కు 2021 జనవరిలో అత్యవసర వినియోగ అనుమతి లభించింది. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, 2025లో అలియాబాద్ పురపాలక సంఘం ఏర్పడ్డాయి.

ఈ క్రమంలో భూమి విలువకు కొలమానం మారింది. ఒకప్పుడు తూముకు ఎంత దగ్గరన్నది ప్రశ్న. నేడు బాహ్యవలయ రహదారికి ఎంత దగ్గరన్నది ప్రశ్న. సాగునీటి వనరు విహారస్థలమైంది.

జిల్లా, పురపాలక సంఘాల మార్పులు ప్రభుత్వ ఉత్తర్వులలో నిలుస్తాయి. చెరువు పరిభాష మాత్రం వృద్ధ రైతుల నోట మిగిలింది. శిఖం హద్దు తెలిసిన మాట పోతే, హద్దును నిలబెట్టే సాక్ష్యమూ పోతుంది. కాబట్టి ఆ మౌఖిక సామగ్రిని సేకరించడం తెలుగు పరిశోధకుల తక్షణ బాధ్యత.