చందుర్తి చేలో ఎర్రచొక్కాలు

మంట దగ్గరకి జరగండర్రా, మంచు పడుతోంది. చిన్నోడా, ఆ కొబ్బరి డొక్కలు రెండు నెగడులో వెయ్యి. బొబ్బిలి కథ ఎన్నిసార్లు చెప్పలేదూ! ఇవాళ దాని తర్వాతి ముచ్చట వినండి. మన పిఠాపురం పక్కనే, చందుర్తిలో జరిగింది.

1757 జనవరిలో బొబ్బిలి మట్టికోటని ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు పగలగొట్టాయి. పగ తీర్చుకోడానికి బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు, బుస్సీ పక్షాన ఉన్న విజయనగరం రాజు విజయరామరాజు డేరాలో దూరి అతన్ని చంపేశాడు. విజయనగరం గద్దెకి ఆనంద గజపతి వచ్చాడు. ఈయనకి ఫ్రెంచివాళ్ళతో పడలేదు. కలకత్తాలో క్లైవుకి కబురుపెడితే, కర్నల్ ఫోర్డు ఓడల మీద విశాఖపట్నంలో దిగాడు.

1758 డిసెంబరు. ఇదిగో, ఇలాంటి చలికాలమే. ఫ్రెంచి కాన్‌ఫ్లాన్స్ దగ్గర తెల్ల సైనికులు 500 మంది, సిపాయిలు 6,000 మంది దాకా ఉన్నారు. ఫోర్డు దగ్గర తెల్లవాళ్ళు 470 మంది, సిపాయిలు 1,900 మంది. గజపతి దండు వేలల్లో ఉన్నా, చాలామంది చేతుల్లో బల్లేలూ విల్లంబులే. ఫిరంగి మోగేసరికి వాళ్ళు నిలవలేకపోయారు. నవ్వకండర్రా, పిరికివాళ్ళు కారు. ఆ కొత్త యుద్ధం వాళ్ళకెవరూ నేర్పలేదు.

కొత్త యుద్ధమంటే ఏమిటంటావా? తూటా కాగితం పంటితో కొరకాలి, మందు గొట్టంలో పోయాలి, కడ్డీతో దట్టించాలి. అంతసేపూ పక్కవాడి భుజానికి భుజం ఆనించి నిలబడాలి. ఎదుట మనుషులు పడిపోతున్నా కదలకూడదు. మాట వినపడగానే అందరి తుపాకులూ ఒక్కసారే పేలాలి. వరస ఉన్నంతసేపే బలం. చెదిరితే ఎంత వీరుడైనా ఒంటరివాడే.

ఫోర్డు తెల్లవాళ్ళని నడుమ, సిపాయిలని అటూ ఇటూ నిలబెట్టాడు. ముందుకి నడుస్తుంటే మనిషెత్తు పెరిగిన చేను అడ్డొచ్చి, తెల్లవాళ్ళు కనపడకుండా పోయారు. పక్కనున్న బెంగాలు సిపాయిలు కనపడ్డారు. వాళ్ళవి ఎర్రచొక్కాలు. అప్పటిదాకా ఫ్రెంచివాళ్ళకి ఎరుపంటే ఇంగ్లీషు దొరలే. వాళ్ళే అసలు బలం అనుకుని మీద పడ్డారు. సిపాయిలు చెదిరారు. ఇంక గెలిచామని ఫ్రెంచివాళ్ళు వెంటబడి తరిమారు, ఆ పరుగులో తమ వరస తామే పోగొట్టుకున్నారు. సరిగ్గా అప్పుడు చేను అవతలి నుంచి ఫోర్డు తెల్లదండు తిరిగి, పక్కనుంచి కాల్చింది. ఒక చేను, ఒక బట్ట రంగు. ఫ్రెంచి ఫిరంగులూ, గుడారాలూ ఇంగ్లీషువాళ్ళ చేజిక్కాయి.

మరో నాలుగు నెలలకి, 1759 ఏప్రిల్లో, ఫోర్డు ఫ్రెంచివాళ్ళ బందరు కోట మీద పడ్డాడు. అటు నుంచి నిజాం సలాబత్ జంగు సైన్యం తరుముకొస్తోంది, ఇటు మందుగుండు అయిపోవస్తోంది. చుట్టూ బురద కదా, ఆ దారిని ఎవరూ రారని కోటలోవాళ్ళ ధీమా. పోటు తగ్గిన వేళ చూసి, రాత్రిపూట ఆ బురదలోంచే కొందరిని పంపాడు. తెల్లారేసరికి పట్టుబడినవాళ్ళు, పట్టుకున్నవాళ్ళకంటే ఎక్కువమంది!

నా గుండెలో మిగిలిపోయింది మాత్రం ఫోర్డు తెలివి కాదర్రా, చేలో పడిపోయిన సిపాయిలు. తెల్లవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, వీళ్ళవి లేవు. ఆ రోజుల్లో మద్రాసు నుంచి బెంగాలుకి తీసుకుపోయిన సిపాయిల్లో మనవాళ్ళు ఎంతోమంది. అందుకే హిందుస్తానంలో, ఏ ఊరివాడైనా సరే, కుంఫిణీ సిపాయిని చాలాకాలం ‘తిలంగా’ అనే పిలిచారు.