ఉప్పు, చక్కెర, కణత్వచం: కలరా చికిత్సను మార్చిన ఒక శాస్త్రభావన చరిత్ర

వ్యాస సంగ్రహం

జీవకణంలోకి పదార్థాలు ఎలా ప్రవేశిస్తాయి, ఎలా వెలువడతాయి అన్న ప్రశ్నకు 20వ శతాబ్దం మధ్యకాలంలో లభించిన సమాధానం కలరా చికిత్స స్వరూపాన్నే మార్చివేసింది. 1953 నాటి కలకత్తా వైద్యానుభవం మొదలుకొని 1971 నాటి బన్‌గావ్ శరణార్థి శిబిరం వరకు సాగిన ఈ పరిణామాన్ని ప్రస్తుత వ్యాసం పరిశీలిస్తుంది. రోగి మంచం దగ్గరి అనుభవం, ప్రయోగశాలలోని సిద్ధాంతం వేర్వేరు దారుల్లో నడిచినంతకాలం రెండూ అసంపూర్ణంగానే మిగిలాయని ఇందులో ప్రతిపాదించడమైనది.

కీలక పదాలు: కణత్వచం, ద్రవాభిసరణ, సక్రియా రవాణా, సోడియం-గ్లూకోజ్ సహరవాణా, కలరా, ఓ.ఆర్.ఎస్.

1. ఉపోద్ఘాతం

ఓ.ఆర్.ఎస్. పొట్లంలోని ముఖ్యమైన పదార్థాలు రెండూ ప్రతి ఇంటికీ పరిచయమైనవే. ఒకటి ఉప్పు, రెండవది చక్కెర జాతికి చెందిన గ్లూకోజ్. వాటిని నీటిలో కలిపి తాగించడం ఎంతో సులభంగా కనిపిస్తుంది. అయినా ఈ ద్రావణం ఆధునిక వైద్యంలో స్థిరపడటానికి 1970వ దశకం వరకు వేచి ఉండవలసి వచ్చింది. ఈ జాప్యానికి కారణమేమిటన్నదే ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

కలరా తీవ్రమైనప్పుడు రోగి శరీరం నుండి గంటకు ఒక లీటరు వరకు నీరు విరేచనాల రూపంలో పోవచ్చు. దానితోపాటు సోడియం, పొటాషియం, బైకార్బనేట్ కూడా పోతాయి. రక్తప్రసరణ కుంటుపడి కొద్ది గంటల్లోనే మరణం సంభవించవచ్చు. 1832లో స్కాట్లండులోని లీత్‌లో థామస్ లాట్టా అనే వైద్యుడు లవణ ద్రావణాన్ని సిరలలోకి ఎక్కించి కొందరు రోగులను బతికించాడు. 20వ శతాబ్దపు తొలి దశకాలలో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ ఈ పద్ధతిని మెరుగుపరచి మరణాలను తగ్గించాడు. అయితే శుద్ధి చేసిన ద్రావణం, సూదులు, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నచోటనే అది సాధ్యం. కలరా విజృంభించే పల్లెల్లో, శిబిరాల్లో సాధారణంగా కొరవడేవి అవే. ఇక నోటి ద్వారా తాగించిన ఉప్పునీరు పేగులో తగినంతగా ఇంకక విరేచనంతోనే వెలుపలికి వచ్చేది.

2. కణత్వచం: భావన నుండి యంత్రాంగం దాకా

కణాన్ని ఆవరించి ఒక పొర ఉన్నదని శాస్త్రజ్ఞులు మొదట కంటితో చూసి నిర్ణయించలేదు. దాని గుండా ఏది పోతున్నది, ఏది పోవడం లేదు అన్న పరిశీలన నుండి ఊహించారు. 1820వ దశకంలో ఫ్రాన్సులో డ్యూట్రొషే ద్రవాభిసరణను వివరంగా అధ్యయనం చేశాడు. 1877లో విల్‌హెల్మ్ ఫెఫర్ ద్రవాభిసరణ పీడనంపై తన కొలతలను ప్రకటించాడు. 1890వ దశకంలో చార్లెస్ ఎర్నెస్ట్ ఓవర్టన్ కొవ్వులో కరిగే పదార్థాలు కణంలోకి సులువుగా ప్రవేశిస్తాయని గమనించి, కణం సరిహద్దు కొవ్వు స్వభావం కలదై ఉండాలని ప్రతిపాదించాడు. 1925లో గోర్టర్, గ్రెండెల్ ఆ పొర రెండు అణువుల మందం కలదని సూచించారు.

ఈ వివరణతో ఒక చిక్కు ఏర్పడింది. కణానికి అత్యవసరమైన గ్లూకోజ్ కొవ్వులో కరగదు. సోడియం అయానుకు కొవ్వు పొర దాదాపు మూసిన తలుపు వంటిది. అయినా రెండూ కణంలోకి పోతున్నాయి. అంతేకాక, వెలుపల సోడియం అధికంగా ఉన్నా కణం లోపల మాత్రం అది స్వల్పంగానే ఉంటున్నది. కేవలం విసరణే జరిగితే ఈ తేడా నిలవదు. లోనికి వచ్చిన సోడియాన్ని కణం శక్తిని వెచ్చించి నిరంతరం వెలుపలికి తోడుతూ ఉండాలి.

1957లో డెన్మార్కులోని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో జెన్స్ స్కౌ పీత నాడుల పొరలలో ఒక ఎంజైమును గుర్తించాడు. సోడియం, పొటాషియం రెండూ ఉన్నప్పుడు అది ఏ.టి.పి.ని చురుకుగా విచ్ఛిన్నం చేస్తుంది. ఈ ఎంజైమే సోడియం పంపు అని తరువాత స్థిరపడింది. ఈ కృషికి 1997లో స్కౌకు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం లభించింది. ఇక్కడ తెలుగువారికి సంబంధించిన ఒక అంశం ప్రస్తావనార్హం. ఈ పంపుకు ఇంధనమైన ఏ.టి.పి.ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరస్పరం స్వతంత్రంగా కనుగొన్నారు.

3. కలకత్తా పరిశీలనలు

1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ 'లాన్సెట్' పత్రికలో ఒక వ్యాసం ప్రకటించాడు. 186 మంది కలరా రోగులకు వాంతులను అదుపుచేసి, ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని నోటి ద్వారా ఇచ్చి చికిత్స చేసినట్లు అందులో తెలిపాడు. లీటరు నీటికి 4 గ్రాముల ఉప్పు, 25 గ్రాముల గ్లూకోజ్ అతని మోతాదు. తరువాతి కాలపు సూత్రానికి ఇది ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉన్నది. అయినా వైద్యలోకం దీనిని పట్టించుకోలేదు. పోల్చి చూడటానికి వేరొక రోగుల బృందం లేకపోవడం ఒక కారణం. గ్లూకోజ్ ఎందుకు అవసరమో చెప్పగల శరీరధర్మ శాస్త్ర ఆధారం అప్పటికి లేకపోవడం అంతకంటె పెద్ద కారణమని భావించవచ్చు.

కలరాలో పేగు లోపలి పొర ఊడిపోతుందన్న అభిప్రాయం 19వ శతాబ్దం నుండి బలంగా ఉండేది. గోడే లేనిచోట దాని ద్వారం గురించి ఆలోచించేవారు ఉండరు. ఈ అభిప్రాయాన్ని రెండు పరిశోధనలు తొలగించాయి. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే, సూక్ష్మజీవులను వడగట్టి తొలగించిన ద్రవం కూడా కుందేలు పేగులో నీరు చేరేటట్లు చేస్తుందని నిరూపించాడు. అంటే వ్యాధికి మూలం సూక్ష్మజీవి విడుదల చేసే విషపదార్థం. 1960లో గంగరోసా బృందం బ్యాంకాక్ రోగుల పేగు నుండి తీసిన కణజాలాన్ని పరిశీలించి, పేగు పొర చెక్కుచెదరకుండా ఉన్నదని వెల్లడించింది. గోడ నిలిచే ఉన్నది, దాని రాకపోకల వ్యవస్థ మాత్రమే తారుమారైనది.

4. ప్రాగ్ ప్రతిపాదన

1958లో రిక్లిస్, క్వాస్టెల్ గినీ పంది పేగుపై చేసిన ప్రయోగాల్లో చక్కెరల శోషణ సోడియంపై ఆధారపడి ఉన్నట్లు కనిపించింది. 1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన సదస్సులో అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ దీనికి ఒక యంత్రాంగాన్ని ప్రతిపాదించాడు. కణత్వచంలోని ఒకే వాహకం సోడియాన్ని, గ్లూకోజ్‌ను జంటగా లోనికి తెస్తుంది. సోడియం పంపు కణం లోపల సోడియాన్ని తక్కువగా ఉంచుతుంది కాబట్టి, వెలుపలి సోడియం లోనికి జారుతూ గ్లూకోజ్‌ను వెంటబెట్టుకొని వస్తుంది. పంపు వెచ్చించిన శక్తి ఈ విధంగా పరోక్షంగా గ్లూకోజ్‌ను మోస్తున్నది.

క్రేన్ దృష్టి చక్కెర మీద ఉన్నది. చికిత్స కోణం నుండి చూస్తే ఇదే సూత్రాన్ని తిప్పి చదవాలి: గ్లూకోజ్ ఉంటే సోడియం లోనికి వస్తుంది, ఆ రెంటి వెంట నీరు వస్తుంది. 1964లో షుల్ట్జ్, జలుస్కీ కుందేలు పేగులో గ్లూకోజ్ సోడియం రవాణాను పెంచుతుందని చూపి ఈ రెండవ పఠనానికి బలం చేకూర్చారు.

5. వైఫల్యం, దిద్దుబాటు

సిద్ధాంతం నుండి చికిత్సకు దారి తిన్నగా సాగలేదు. అమెరికా నౌకాదళ వైద్యుడు రాబర్ట్ ఫిలిప్స్ 1960వ దశకం తొలినాళ్లలో మనీలాలో, గ్లూకోజ్ కలిపినప్పుడు కలరా రోగి పేగు లవణాన్ని, నీటిని పీల్చుకుంటుందని గమనించాడు. కాని కలరా సోడియం పంపునే స్తంభింపజేస్తుందని ఆయన నమ్మకం. గాఢత అధికంగా ఉన్న ద్రావణంతో తరువాత జరిపిన ప్రయత్నంలో కొందరు రోగులు మరణించారు. ద్రావణం రక్తం కంటె గాఢమైనప్పుడు నీరు లోనికి ఇంకటానికి బదులు పేగులోకే లాగబడుతుంది. గ్లూకోజ్ ప్రభావాన్ని గమనించడం ఒకటి, దాని పరిమితిని గ్రహించడం మరొకటి అని ఈ ఘటన తెలియజేస్తుంది.

1968లో ఢాకాలోని కలరా పరిశోధనాలయంలో డేవిడ్ నేలిన్, రిచర్డ్ క్యాష్ ఈ లోపాన్ని సరిదిద్దారు. రోగి కోల్పోతున్న ద్రవాన్ని కొలిచి, దానికి సమానంగా నోటి ద్వారా ద్రావణాన్ని ఇచ్చారు. సిరల ద్వారా ఎక్కించవలసిన ద్రవం సుమారు 80 శాతం తగ్గింది. అదే కాలంలో కలకత్తాలో నథానియల్ పియర్స్ బృందం కూడా ఇటువంటి ఫలితాలనే సాధించింది. అయినా నిపుణుల పర్యవేక్షణలేని చోట ఈ పద్ధతి పనిచేస్తుందా అన్న సందేహం మిగిలే ఉన్నది.

6. బన్‌గావ్, 1971

బంగ్లాదేశ్ విమోచన యుద్ధకాలంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్ చేరుకున్నారు. సరిహద్దు పట్టణమైన బన్‌గావ్‌లో కలరా చెలరేగింది. సిరల ద్వారా ఇచ్చే ద్రావణం నిల్వలు అడుగంటాయి. అక్కడి వైద్య బృందానికి నాయకత్వం వహించిన దిలీప్ మహలనబీస్ నోటి ద్రావణాన్నే ప్రధాన ఆధారంగా చేసుకున్నాడు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల సోడియం బైకార్బనేట్. కలకత్తాలో పొట్లాలు కట్టి తెచ్చి, శిబిరంలో పీపాలలో కలిపారు. రోగుల బంధువులే దానిని తాగించారు. 3,700 మందికి పైగా రోగులకు చికిత్స జరిగింది. అంతకుముందు 30 శాతం వరకు ఉన్న మరణాలు ఆ కేంద్రంలో 3.6 శాతానికి తగ్గాయి. ఈ అనుభవం 1973లో ప్రచురితమైనది. 1970వ దశకం ముగిసేలోగా ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఈ చికిత్సను తమ కార్యక్రమాలలో స్వీకరించాయి. మహలనబీస్‌కు మరణానంతరం 2023లో పద్మవిభూషణ్ పురస్కారం లభించింది.

ఇది ఎందుకు పనిచేసిందో తరువాతి పరిశోధనలు స్పష్టం చేశాయి. కలరా విషం పేగు కణాలలో క్లోరైడ్ వెలువడే దారిని తెరిచి ఉంచుతుంది, దాని వెంట సోడియం, నీరు పోతాయి. సోడియం-గ్లూకోజ్ వాహకాన్ని మాత్రం అది చెరపదు. నిష్క్రమణ ద్వారం తెరుచుకొని ఉన్నా ప్రవేశద్వారం పనిచేస్తూనే ఉంటుంది. ఆ వాహకపు జన్యువును 1987లో ఎర్నెస్ట్ రైట్ బృందం వేరుచేసింది. అది ఒక గ్లూకోజ్ అణువుతో రెండు సోడియం అయాన్లను తెస్తుందని నేడు తెలుసు.

7. ముగింపు

ఛటర్జీ వద్ద చికిత్స ఉన్నది, దానిని సమర్థించే సిద్ధాంతం లేదు. క్రేన్ వద్ద సిద్ధాంతం ఉన్నది, రోగి లేడు. ఫిలిప్స్ వద్ద రెండింటి ఛాయలూ ఉన్నా పరిమాణాల లెక్క కుదరలేదు. సిద్ధాంతం ముందు, అనువర్తనం తరువాత అన్న ప్రచారంలో ఉన్న వరుసక్రమం ఈ చరిత్రకు వర్తించదు. పీత నాడి, కుందేలు పేగు, శరణార్థి శిబిరం ఒకే ప్రశ్నకు వేర్వేరు చోట్ల సమాధానం వెదికాయి. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓ.ఆర్.ఎస్. గాఢతను 311 నుండి 245 మిల్లీఆస్మోల్‌లకు తగ్గించింది. మనీలా నేర్పిన ద్రవాభిసరణ పాఠం ఆ మార్పులోనూ కొనసాగుతున్నదని గ్రహించవచ్చు. ఛటర్జీ వ్యాసానికి, బన్‌గావ్ శిబిరానికి మధ్య గడచిన 18 సంవత్సరాలలో కలరాకు బలైనవారిని తలచుకుంటే, వివరణ లేదన్న కారణంతో ఒక వైద్యానుభవాన్ని పక్కన పెట్టడం ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది. వివరణ దొరకని పరిశీలనను తిరస్కరించక, పరీక్షకు నిలబెట్టడమే పరిశోధకుని బాధ్యత అని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.