మిద్దెతోట కషాయాల పూర్వచరిత్ర

మిద్దెల మీద కుండీల్లో వంగ, టమాట, బెండ పెంచేవారు పేనుబంకకు, పిండినల్లికి వాడుతున్న వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం వంటివన్నీ తాతముత్తాతల నుంచి తెగకుండా వచ్చిన విద్య అనే అభిప్రాయం బాగా వ్యాపించింది. ఇందులో నిజం సగమే. దినుసులు పాతవే అయినా, వాటికి నేడున్న కొలతలూ వాడే పద్ధతీ చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో శాస్త్రజ్ఞులూ మెట్ట రైతులూ కలిసి కూర్చినవి. ఆ కూర్పుకు రైతులు చెల్లించిన మూల్యం చాలా పెద్దది.

పాత గ్రంథాల్లో ఈ విషయం లేకపోలేదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి, అంటే చెట్ల వైద్యానికి, ఒక అధ్యాయం కేటాయించాడు. సుమారు పదో శతాబ్దానికి చెందిన సురపాలుడు అదే పేరుతో ప్రత్యేక గ్రంథం రాయగా, ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న దాని ప్రతిని తెప్పించి, నళినీ సాధలే ఆంగ్లానువాదంతో సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రచురించింది. మొక్కల రోగాలను వాత, పిత్త, కఫాలుగా విభజించి, పురుగులకు వాయువిడంగాలు, ఆవాలు, నెయ్యి, పొగ వంటి చికిత్సలు చెప్పిన ఈ శాస్త్రం ప్రధానంగా ఉద్యానవనాల చెట్ల కోసం పుట్టింది. పెరటి పాదుల సంరక్షణ మాత్రం ఇంటి ఆడవాళ్ల చేతిలో, పొయ్యిలోని బూడిదతోనే జరిగింది. తెల్లవారుజామున మంచు ఆరకముందే చల్లితే ఆకుకు అంటుకునే ఆ సన్నని పొడి, మెత్తని ఒంటి పురుగుల చర్మం మీది మైనపు పొరను గీకి వాటిని ఎండబెడుతుంది, ఆకును కొరకకుండానూ అడ్డుపడుతుంది. వాన పడితే కొట్టుకుపోవడమే దాని లోపం.

ఆ బూడిద స్థానాన్ని స్వాతంత్ర్యానంతరం తెల్లని రసాయన పురుగుమందు పొడులు ఆక్రమించాయి. 1952లో కలకత్తా దగ్గరి రిష్రాలో బీహెచ్‌సీ తయారీ మొదలైంది. తరువాత కొద్ది ఏళ్లకే ఢిల్లీలో డీడీటీ కర్మాగారం వచ్చింది. దోమలకూ నల్లులకూ ఇళ్లలో చల్లిన మందే కూరగాయల మీదా పడింది. డీడీటీని వ్యవసాయంలో వాడరాదని ప్రభుత్వం 1989లో ఉత్తర్వు ఇచ్చింది. బీహెచ్‌సీని 1997లో పూర్తిగా నిషేధించింది.

రసాయన మందులకు అసలు పరీక్ష పత్తి చేలలో ఎదురైంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు 1980లలో సింథటిక్ పైరెత్రాయిడ్లను, అంటే చేమంతి జాతి పువ్వులోని విషాన్ని అనుకరించి ప్రయోగశాలలో తయారుచేసిన మందులను, విరివిగా వాడారు. ఆ మందులు పురుగులను తినే అక్షింతల పురుగులనూ సాలీళ్లనూ చంపివేయగా తెల్లదోమ విజృంభించింది. 1987–88 నాటికి శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగడం మానేసింది. అప్పు చేసి కొన్న మందుకు పురుగు చావకపోవడం రైతుకు ఎంత దుర్భరమో 1997–98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశానికి చాటాయి. తెలుగు నేలపై కషాయాల చరిత్రను ఈ విషాదాన్ని వదిలి చెప్పడం న్యాయం కాదు.

వేప గురించిన శాస్త్రం అప్పటికే సిద్ధంగా ఉంది. వేపగింజల పొడి కలిపిన నీళ్లు చల్లిన పైరును మిడతలు తినకుండా వదిలేశాయని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన ప్రధాన్ బృందం 1962లో ప్రకటించింది. గింజలోని ముఖ్య పదార్థం అజాడిరాక్టిన్‌ను 1968లో ఇంగ్లండులో వేరుచేశారు. ఇది పురుగును వెంటనే చంపదు, ఆకలిని చంపుతుంది, కుబుసం విడవనివ్వదు. ఎండకు త్వరగా విరిగిపోతుంది కనుకనే సాయంత్రం వేళ చల్లాలనీ, కొద్ది రోజులకు మళ్లీ చల్లాలనీ చెబుతారు. లీటరు నీటికి 50 గ్రాముల పప్పు పొడి చొప్పున రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపితే అయిదు శాతం కషాయం అవుతుంది.

ఈ జ్ఞానాన్ని చేనుకు చేర్చినవి తెలంగాణ పల్లెలు. ఆముదపు చేలను ఊడ్చే ఎర్ర గొంగళి పురుగు రెక్కల దశలో, తొలకరి వానలకు నేలలోంచి లేచినప్పుడు, మందు లేకుండా, ఊరంతా కలిసి మంటలు వేసి ఆకర్షించి చంపే పద్ధతి అక్కడ సామూహికంగా నడిచింది. ఖమ్మం జిల్లా పునుకుల 2003లో పురుగుమందులు మానిన గ్రామంగా ప్రకటించుకుంది; అక్కడ వేపగింజలు పిండి పట్టే పనిని మహిళా సంఘం చేపట్టింది. 2006లో ఏనెబావి ఊరంతా సేంద్రియ సాగుకు మారినట్టు ప్రకటించింది. హైదరాబాద్‌లో మిద్దెతోటలు పెరిగినప్పుడు అక్కడికి చేరిన కషాయాల్లో ఈ పల్లెల అనుభవం ఉంది.

అయితే పాతదైనంత మాత్రాన ప్రతిదీ నిరపాయం కాదు. పొగాకు కషాయంలోని నికోటిన్ చర్మం ద్వారా మనిషి ఒంట్లోకి చేరుతుంది. పొగాకుతో వచ్చే మొజాయిక్ తెగులు టమాటకూ అంటుతుంది. పైగా నేటి కుండీలో పురుగులన్నీ పాత పెరటివి కావు. చిక్కుడు, టమాట ఆకులపై తెల్లని పాముపొడ గీసే ఈగ 1990ల ఆరంభంలోనే ఈ దేశంలో కనిపించింది. వంగకూ మందారకూ పట్టే బొప్పాయి పిండినల్లిని 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో గుర్తించారు. మందులకు లొంగని ఆ పిండినల్లిని అదుపు చేసింది, 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన ఎసెరోఫేగస్ పపాయే అనే అతి చిన్న కందిరీగ. అది పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెడుతుంది. ఆకు అడుగున గోధుమరంగుకు తిరిగి గట్టిపడిన, గుండ్రని రంధ్రం ఉన్న పిండినల్లి పొట్టులు కనిపిస్తే ఇటువంటి కందిరీగలు పని మొదలుపెట్టాయని అర్థం; ఆ కుండీ మీద సబ్బునీళ్లు సహా ఏదీ చల్లకుండా కొన్నాళ్లు ఆగాలి.