బొలోన్యా నగరపు పచ్చని లజాన్యా

ఇటలీ దేశమున ఎమీలియా సీమకు ప్రధాననగరమై, 1088వ సంవత్సరమునాటిదని ప్రసిద్ధిగన్న విశ్వవిద్యాలయముచేత విద్యానగరమనియు, అన్నసమృద్ధిచేత ‘లా గ్రాస్సా’, అనగా పుష్టిగలది, అనియు బిరుదులు వహించిన బొలోన్యాలో నేను కాపురముంటిని. పిండిరేకులను పొరలుగా పేర్చి చేయు ఈ ఊరి లజాన్యా కథను పొయ్యివద్ద గాక, ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఆరంభించుట యుక్తము.

అచట పదునాలుగవ శతాబ్దికి చెందిన పాకశాస్త్రపు వ్రాతప్రతి యొకటి కలదు. దానిని ఫ్రాంచెస్కో జాంబ్రీనీ యను పండితుడు 1863లో ఈ నగరముననే అచ్చొత్తించెను. లజాన్యాకై తెల్లని పిండిని గోరువెచ్చని నీట కలిపి, పలుచగా పఱచి, ఆరనిచ్చి, కొవ్విన కోడిపుంజు రసమున ఉడికించి, తురిమిన జున్నుతో పొరమీద పొరగా పళ్లెమున అమర్చవలెనని అందున్నది. కోడిగ్రుడ్డు లేదు, మాంసపు ముద్ద లేదు, కాల్చుటయు లేదు. అమెరికా ఖండమునుండి పదునాఱవ శతాబ్దిలో గాని ఐరోపాకు రాని టమాటా యుండుట అసంభవమే. పిండిరేకును జున్నును పొరలుగా పేర్చు పద్ధతి యొక్కటే నాటిది; తక్కినవన్నియు తరతరముల చేతులమీదుగా వచ్చి చేరినవి.

నేడు నూరు గ్రాముల పిండికి ఒక గ్రుడ్డు చొప్పున కొట్టిపోసి, ఉడికించి నీరు పిండిన పాలకూరను చేర్చి, చాలసేపు మర్దించి, స్ఫొల్యీనలని పిలువబడు స్త్రీలు మూరకు మించిన కర్రతో ఆ ముద్దను ఆకువలె పచ్చగా, ఆకువలెనే పలుచగా సాగదీయుదురు. ఆ రేకుల నడుమ రాగు అను మాంసపుకూరయు, వెన్న, పిండి, పాలు కలిపి చిక్కబఱచిన బెషమెల్లాయు, పార్మిజానో జున్ను తురుమును పఱచి, అంచులు కరకరలాడువఱకు కాల్తురు. నా మట్టుకు ఆ అంచు ముక్కయే పరమభోజ్యము.

రాగులో ఎఱుపు స్వల్పము. ఇటలీ పాకపరిషత్తువారు 1982లో ఇచటి వాణిజ్యమండలియందు నమోదు చేయించిన పాఠమున 300 గ్రాముల గొడ్డుమాంసమునకు టమాటా గుజ్జు ఐదు చెంచాలే. పందికొవ్వు మాంసము, కేరట్, సెలెరీ, ఉల్లి, వైను, పాలు కలిసి మందాగ్నిపై గంటల తరబడి మగ్గుటవలననే దానికి ఆ రుచి సిద్ధించును. టమాటాయే లజాన్యాకు ప్రాణమను లోకప్రతీతి మా ఊరియందు చెల్లదు.

2003లో ఈ పచ్చని లజాన్యా విధానమును గూడ ఆ మండలియందే భద్రపఱచిరి. ఇచటికి వచ్చు తెలుగువారు కూర రుచిని మెచ్చుకొనుటకు ముందు, ఒక్క స్ఫొల్యీనయైనను రేకును సాగదీయుచుండగా కన్నులార చూచి పొండని నా ప్రార్థన.