పది పనిదినాలు, పది రూపాయలు

కాపెల్‌లో మన తెలుగువాళ్ళు నలుగురు కూడితే మాట ముందు పిల్లల బడుల మీదికీ, ఆ తర్వాత ప్రాపర్టీ టాక్సు మీదికీ వెళ్తుంది. బిల్లు ఏటేటా పెరుగుతోందని అందరం వాపోతాం. ఆ డబ్బు ఎటు పోతోందో కాగితాలు తెప్పించుకు చూడొచ్చు కదా అని ఓసారి నేనంటే, ఒక మిత్రుడు "హెచ్‌-వన్ మీద ఉన్నవాణ్ణి, గవర్నమెంటుకి ఉత్తరాలు రాయమంటారా? మీకు పుణ్యముంటుంది, వదిలెయ్యండి" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. తాసిల్దారు కచేరీ గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడ్డ తాతల మనవలం మనం.

కానీ టెక్సస్ చట్టం ఆ గుమ్మం దగ్గర ఎవరినీ ఆపదు. పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద అడిగేవాడు ఈ దేశపు పౌరుడు కానక్కరలేదు, ఆ ఊరివాడు కూడా కానక్కరలేదు. ఎందుకు అడుగుతున్నావని ఆఫీసువాళ్ళు ప్రశ్నించకూడదు. కాగితం ఇవ్వకూడదని వాళ్ళకు అనిపిస్తే, తమకు తామే కాదనేసి ఊరుకోవడానికీ లేదు. సాధారణంగా పది పనిదినాల లోపు రాష్ట్ర అటార్నీ జనరల్‌కి రాసి, ఆయన తీర్పు కోరాలి. అంటే దాచాలనుకున్న వాడే కారణం చెప్పుకోవాలి. నాకు ఈ చట్టంలో అన్నిటికన్నా నచ్చింది ఈ ఏర్పాటే.

ఇది ఏ మహానుభావుడి దయవల్లో వచ్చిందనుకుంటే పొరపాటు. దీని వెనక ఒక బ్యాంకు కుంభకోణం ఉంది. హ్యూస్టన్‌లో ఫ్రాంక్ షార్ప్ అని ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి ఉండేవాడు. షార్ప్స్‌టౌన్ పేరుతో పెద్ద కాలనీ కట్టించాడు, అదే పేరుతో బ్యాంకూ పెట్టాడు, ఒక జీవితబీమా కంపెనీనీ చేతిలోకి తెచ్చుకున్నాడు. ఆయన బ్యాంకుకి ఫెడరల్ డిపాజిట్ బీమా సంస్థ తనిఖీల బెడద పట్టుకుంది. దాన్ని తప్పించుకోవాలంటే డిపాజిట్లకు రాష్ట్రమే వేరే బీమా ఏర్పాటు చేస్తే సరిపోతుంది. అందుకు కావలసిన బిల్లులు 1969 సెప్టెంబరులో టెక్సస్ శాసనసభలో చకచకా నెగ్గాయి. ఎలా నెగ్గాయో తర్వాత తెలిసింది. ఆ బిల్లులకు తోడ్పడగల పెద్దలకు షార్ప్ బ్యాంకు అప్పులిచ్చింది. ఆ అప్పుతో వాళ్ళు షార్ప్ బీమా కంపెనీ షేర్లు కొన్నారు. ధర పెరగ్గానే అమ్ముకుని లాభం జేబులో వేసుకున్నారు. గవర్నర్ ప్రెస్టన్ స్మిత్ చివరికి ఆ బిల్లులను వీటో చేశాడు గానీ, షేర్ల లాభం ఆయనకూ దక్కింది.

2001లో హైదరాబాదులో కృషి బ్యాంకు మూతపడ్డప్పుడు డిపాజిటర్ల గోడు విన్నవాళ్ళకి తనిఖీదారు అనేవాడు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. షార్ప్‌కి కావలసింది ఆ తనిఖీదారు లేకుండా పోవడమే.

గుట్టు బయటపడింది టెక్సస్ నాయకుల వల్ల కాదు. షేర్ మార్కెట్లను చూసుకునే ఫెడరల్ సంస్థ ఎస్‌ఈసీ, 1971 జనవరిలో మనకు కూతవేటు దూరంలోని డాలస్ కోర్టులో దావా వేసింది. సభలో రెండు పార్టీలకూ చెందిన ముప్ఫైమంది స్పీకర్ మీద విచారణ జరగాలని పట్టుబట్టారు. వాళ్ళకు 'డర్టీ థర్టీ' అని ఎగతాళి పేరు పెడితే, దాన్నే బిరుదులా తగిలించుకు తిరిగారు. 1972 మార్చిలో ఆబిలీన్ కోర్టు స్పీకర్ గస్ మచర్‌ని దోషిగా తేల్చింది. ఆ ఏడాది ఎన్నికల్లో జనం పాతవాళ్ళను చాలామందిని ఇంటికి పంపారు. 1973లో కూర్చున్న కొత్త సభ ఓపెన్ రికార్డ్స్ చట్టం చేసింది. ఇప్పుడు మనం వాడుతున్నది దాని కొనసాగింపే.

చట్టం చేశారు కదా అని కథ అక్కడితో ముగియలేదు. 2015లో టెక్సస్ సుప్రీంకోర్టు బోయింగ్ కంపెనీ కేసులో ఒక తీర్పు చెప్పింది. వివరాలు బయటపెడితే పోటీదారుకు లాభిస్తుందనిపిస్తే కంపెనీలు తమ ఒప్పందాల్లోని వివరాలను దాచుకోవచ్చని దాని సారాంశం. ఆ తీర్పు నీడలో ఎన్నో ఊళ్ళ కాంట్రాక్టులు మరుగునపడ్డాయి. అదే ఏడాది మెక్‌ఆలెన్ నగరం సెలవుల ఊరేగింపు కోసం గాయకుడు ఎన్రికే ఇగ్లేసియాస్‌ని పిలిపించి, ఎంత ఇచ్చామో చెప్పం పొమ్మంది. పాట విన్నదీ డబ్బు కట్టిందీ ఊరివాళ్ళే, రేటు మాత్రం రహస్యం! తర్వాత తెలిసింది, 4,85,000 డాలర్లని.

ఈ కన్నం పూడ్చడానికి 1978 నుంచీ పనిచేస్తున్న ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ ఫౌండేషన్ ఆఫ్ టెక్సస్ అనే లాభాపేక్షలేని సంస్థ, పత్రికలవాళ్ళు, ఇంకా కొన్ని పౌరసంఘాలు శాసనసభ చుట్టూ తిరిగారు. 2017 సమావేశాల్లో పని కాలేదు, 2019లో అయింది. ఇలాంటి సంస్థలకు పెద్ద పేరేమీ ఉండదు. గుడికీ, బడికీ ధారాళంగా ఇచ్చే మనవాళ్ళ విరాళాల చిట్టాలో నాకైతే ఇవెక్కడా కనిపించలేదు.

మన వైపు కథకి పునాది రాజస్థాన్‌లో పడింది. కూలి డబ్బుల లెక్క చూపించమని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లలో మొదలుపెట్టిన పోరాటం 2005లో సమాచార హక్కు చట్టం దాకా వచ్చింది. మరుసటేడు అనంతపురం జిల్లాలో ఉపాధి హామీ పనుల మస్టర్ రోళ్ళు పట్టుకుని కార్యకర్తలు ఊరూరా నడిచారు. కూలీల ముందే పేర్లు చదివి, పని చేశావా, డబ్బు ముట్టిందా అని అడిగారు. చదువురాని మనిషి ప్రభుత్వ లెక్కను సరిచూసే పద్ధతి అది. దానికోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో ప్రత్యేకంగా ఒక సొసైటీ కూడా పెట్టింది. ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో కొట్టేసిందంటే, దాని వెనకా అసోసియేషన్ ఫర్ డెమోక్రాటిక్ రిఫార్మ్స్ లాంటి సంస్థల ఏళ్ళ తరబడి ఓపిక ఉంది. ఆ పేర్లు బయటికొచ్చాకే, హైదరాబాదు కంపెనీ మేఘా ఇంజనీరింగ్ 966 కోట్ల బాండ్లు కొన్నదని మనకు తెలిసింది.

ఇక మన సంగతి. భారత చట్టం మూడో సెక్షను ఈ హక్కు "పౌరులందరికీ" అంటుంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నంతకాలం అమెరికా నుంచి కూడా అడగొచ్చు. చిక్కల్లా పది రూపాయల ఫీజుతోనే వచ్చేది. ఇక్కణ్ణుంచి ఆ పది రూపాయలు కట్టే దారే ఉండేది కాదు! నౌకాదళంలో రిటైరైన కమొడోర్ లోకేశ్ బత్రా గారు ఏళ్ళ తరబడి వెంటపడ్డాక, 2013లో ప్రవాసులకోసం ఎలక్ట్రానిక్ పోస్టల్ ఆర్డరు వచ్చింది. 2018లో ఒక మంత్రి ప్రవాసులకసలు ఈ హక్కే లేదని పార్లమెంటులో జవాబిస్తే, బత్రా గారు దాన్నీ దిద్దించారు.

అయితే ఆ పోస్టల్ ఆర్డరు కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకే చెల్లుతుంది. మనవాళ్ళకు కావలసినవి పొలం సర్వే నంబర్లూ, పాసుపుస్తకాలూ. అవి రాష్ట్రం చేతిలో, మండలాఫీసు బీరువాలో ఉంటాయి. పైగా అమెరికా పౌరసత్వం ప్రమాణం చేసిన రోజే పౌరుడనే అర్హత పోతుంది. ఓసీఐ కార్డు దాన్ని తిరిగి తేదు. కాబట్టి నా మిత్రుడు ఇవాళ హెచ్‌-వన్ మీద ఉండి కాపెల్ సిటీ కాంట్రాక్టుల్లో ఏది కావాలన్నా అడగొచ్చు. రేపు సిటిజన్ అయ్యాక నాన్నగారి పొలం కాగితం కోసం మాత్రం, దరఖాస్తు మీద ఊళ్ళో ఉన్న తమ్ముడి చేతే సంతకం పెట్టించాలి.