పల్లె గొంతులను దళాలుగా కూర్చిన ప్రజానాట్యమండలి

వృత్తి కళాకారులు కాని రైతులను, కూలీలను, విద్యార్థులను, గృహిణులను ఒక్క తాటిపైకి తెచ్చి ఊరూరా పాడించిన ఘనత తెలుగునాట ప్రజానాట్యమండలికి దక్కుతుంది. 1943 మే నెలలో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘం (ఇప్టా) ఏర్పడింది. ఆ కాలంలోనే కమ్యూనిస్టు ఉద్యమం అండతో ఇక్కడ మండలి ఆవిర్భవించింది. వైద్యుడు, నటుడు అయిన డాక్టర్ గరికపాటి రాజారావు దానికి సారథ్యం వహించారు. కృష్ణా, గుంటూరు జిల్లాలు మండలికి పట్టుగొమ్మలుగా నిలిచాయి.

జంగం కథే ఆధారం

నాటి పద్యనాటకానికి తెరలు, హార్మోనియం, రాగాలాపన చేయగల గాత్రం తప్పనిసరి. సామాన్యులకు అది అందని వ్యవహారం. అందువల్ల మండలి సంచార కళాకారులు యాచనకై చెప్పుకునే జంగం కథను చేపట్టి, బుర్రకథగా తీర్చిదిద్దింది. ఇందుకు ముగ్గురు చాలు. కథకుడు తంబుర మీటుతూ, వేలి అందెలు మోగిస్తూ కథ నడుపుతాడు. ఇరుప్రక్కల వంతలు డక్కీలు వాయిస్తూ పల్లవి అందుకుంటారు. కుడివంత లోకంపోకడను, రాజకీయాన్ని వ్యాఖ్యానిస్తే, ఎడమవంత హాస్యం పండిస్తాడు. రచ్చబండే రంగస్థలం. నేర్చుకున్న దళం మరో ఊరి యువకులకు నేర్పడం సులభమైంది. బుర్రకథ శీఘ్రంగా వ్యాపించడానికి ఈ సౌలభ్యమే ముఖ్య కారణం.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద కుటుంబంలో జన్మించిన షేక్ నాజర్ ఈ ప్రక్రియకు పర్యాయపదమయ్యారు. బెంగాల్ కరువు, పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు గాథలను ఆయన జనరంజకంగా వినిపించారు. స్త్రీలు బహిరంగ వేదికపై పాడడమే తప్పుగా భావించిన రోజుల్లో మోటూరి ఉదయం మహిళా బుర్రకథ దళంతో ముందుకు వచ్చారు. కొండపల్లి కోటేశ్వరమ్మ వంటి గాయనులు మండలి పాటలకు గొంతు కలిపారు.

తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథ, పాటల ద్వారా రైతాంగ సాయుధ పోరాట సందేశాన్ని పల్లెలకు చేరవేశారు.

నిషేధం, నిర్బంధం

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు తెలంగాణ రైతుల పోరాటం ఇతివృత్తంగా రచించిన 'మా భూమి' నాటకం 1947లో ప్రదర్శనకు వచ్చింది. అనేక దళాలు దానిని ఏకకాలంలో ఊరూరా ఆడాయి. ప్రజాదరణ పెరిగేకొద్దీ ప్రభుత్వం కన్ను పడింది. మద్రాసు ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. కమ్యూనిస్టులపై సాగిన నిర్బంధంలో పలువురు కళాకారులు అజ్ఞాతంలోకి వెళ్ళగా, మరికొందరు జైళ్ళ పాలయ్యారు. దళాలు చెదిరిపోయాయి.

చెదిరినా మిగిలిన బాణీ

జీవనోపాధికై పలువురు చలనచిత్ర రంగాన్ని ఆశ్రయించారు. రాజారావు 1953లో 'పుట్టిల్లు' చిత్రాన్ని నిర్మించి, దర్శకత్వం వహించారు. జమున, అల్లు రామలింగయ్య ఆ చిత్రంతోనే వెండితెరకు పరిచయమయ్యారు. మండలి నటుడు మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి సైతం సినీరంగంలో స్థిరపడ్డారు. నాజర్ మాత్రం బుర్రకథనే నమ్ముకున్నారు. 1986లో పద్మశ్రీ అందుకున్న ఆయన 1997లో కన్నుమూశారు.

దళాలు చెదిరినా, సామాన్యుల చేతనే పాడించి సామాన్యులకు చెప్పించే పద్ధతి నిలిచింది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతాలు అదే బాట పట్టాయి. కుటుంబ నియంత్రణ, ఆరోగ్యం తదితర విషయాల ప్రచారానికి ప్రభుత్వ శాఖలు సైతం బుర్రకథను వినియోగించుకున్నాయి. ఒకనాడు పాలకుల ఆగ్రహానికి గురైన కళారూపం చివరకు ప్రభుత్వ ప్రచారానికే వాహకం కావడం దాని బలానికి తార్కాణం.